ఏ సంఘమమ్మా మీది?

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కేసరికి ఉదయం తొమ్మిది దాటింది. ధనుర్మాసపు మంచు వసిష్ఠ మీద నుంచి ఇంకా పూర్తిగా లేవలేదు. అవతల నరసాపురం ఉందని తెలుసు కాబట్టి కనిపిస్తున్నట్టే అనిపించింది. పంటు మీద పది మోటారు సైకిళ్ళు, రెండు ఆటోలు, అరటిగెలల ట్రాలీ ఒకటి, పాలక్యాన్లు, సంక్రాంతి బట్టలు కొనడానికి బయల్దేరిన కుటుంబం ఒకటి. వాళ్ళ మధ్య పన్నెండుమంది అమెరికా విద్యార్థులు, వాళ్ళకు దుబాసీగా నేను.

మా బస్సు చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి వస్తోంది. పిల్లలు పంటు ఎక్కుతామని పట్టుబట్టారు. మునక్కాడల కట్ట ఒళ్ళో పెట్టుకుని ఇంజను గది నీడలో కూర్చున్న ఒక ముసలావిడ వాళ్ళను ఒక్కొక్కరినీ తీరిగ్గా చూసి, చివరకు నా వైపు తిరిగింది.

"ఎవరమ్మా ఈళ్ళు?"

"అమెరికా నుంచి వచ్చారండి. చదువుకునే పిల్లలు."

"అంతర్వేది సూడ్డానికొచ్చారా?"

"అంతర్వేదికీ వెళ్ళాం. కానీ గుడి కోసం కాదండి. ఇక్కడి మనుషుల కష్టసుఖాలు తెలుసుకుందామని."

ఆవిడ ఆ మాటను కాసేపు నమిలింది. "మా కట్టాలు సూడ్డానికి ఇమానం టిక్కెట్టు కొనుక్కొచ్చారా!"

ఆ ప్రశ్నకు ఏం చెప్పాలో తోచక, వాళ్ళ కాగితాల మీదున్న మాటనే తెలుగు చేసి అందించాను. "సంఘీభావ యాత్ర అంటారండి దీన్ని."

సంఘం అనే ముక్క వినగానే ఆవిడ మొహం విప్పారింది. "ఆయ్, సంఘమా! మరి చెప్పరేం? ఏ సంఘమమ్మా మీది? లోనెంతిస్తారు? ఒకళ్ళు కట్టాపోతే తక్కినోళ్ళు కట్టాలా, మా డ్వాక్రాలో లాగ?"

నాకు నవ్వొచ్చింది. ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను, పిల్లలూ నవ్వారు. లా చదువుతున్న ఒకమ్మాయి మాత్రం నవ్వకుండా జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకుంది. ఎందుకు రాసుకుందో మర్నాడు రాత్రి గానీ తెలియలేదు.

*

నా పాత విద్యార్థి ఒకడు ఆ పిల్లల విశ్వవిద్యాలయంలోనే పరిశోధన చేస్తున్నాడు. "మేడమ్, జనవరి సెలవుల్లో మా వాళ్ళు పన్నెండుమంది గోదావరి జిల్లాలకు వస్తున్నారు. ఆరు రోజులు వాళ్ళ వెంట ఉండి మాట సాయం చేస్తారా?" అని అడిగాడు. చలికాలం సెలవుల్లో ఇలా దేశాలు పట్టుకుని తిరగడం అక్కడి విశ్వవిద్యాలయాల్లో మామూలే. కొందరు ఇళ్ళు కట్టడానికి వెళతారు, కొందరు బడికి రంగులు వేయడానికి. ఈ బృందం మాత్రం ఏమీ కట్టం, ఏమీ పంచం, వింటాం అని ముందే రాసి పంపింది. ఆ నియమం నాకు నచ్చి ఒప్పుకున్నాను. పన్నెండుమందిలో ముగ్గురు తెలుగు మూలాలవాళ్ళు. వాళ్ళలో తణుకులో తాతగారున్న కుర్రాడి తెలుగు, అన్నం దగ్గర మొదలై ఆవకాయ దగ్గర ఆగిపోతుంది.

మొదటి రోజు రాజమండ్రిలో వాళ్ళకు 1907 కథ చెప్పాను. ఆ ఏడాది ఏప్రిల్లో బిపిన్ చంద్రపాల్ ఈ ఊరు వచ్చాడు. బెంగాలు విభజన మీద మండిపోతూ ఆయన ఇంగ్లీషులో మాట్లాడుతుంటే, అప్పటికే చూపు బాగా మందగించిన చిలకమర్తి లక్ష్మీనరసింహం పక్కన నిలబడి తెలుగు చేశారు. ఆ ఉపన్యాసాలు విన్న కుర్రాళ్ళు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని తరగతులకు వెళ్ళారు. దొరలకు కోపం వచ్చింది. శిక్షణ కళాశాలలో చదువుతున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావును బయటకు పంపారు, మరెందరినో శిక్షించారు. ఎక్కడో బెంగాల్లో గీసిన గీత కోసం రాజమండ్రి కుర్రాళ్ళు చదువులు పోగొట్టుకున్నారు. బెంగాలును వాళ్ళలో చాలామంది కంటితో చూసి ఉండరు.

"అంటే వాళ్ళు ప్రయాణం చేయకుండానే సంఘీభావం చూపించారన్నమాట," అంది లా చదివే అమ్మాయి.

"మూల్యం కూడా చెల్లించారు," అన్నాను.

అంటూ ఉండగానే, నేను ఆ కథలో ఎవరి పక్షాన నిలబడి మాట్లాడుతున్నానో నాకు తట్టింది. చదువు పోయిన కుర్రాళ్ళ పక్షాన కాదు. మహా అయితే చిలకమర్తి వారి పక్కన, అదీ చాలా దూరంలో. దుబాసీకి ఒక సుఖం ఉంది. మాట ఎవరిదో అయినప్పుడు బాధ్యత తనది కాదనుకోవచ్చు.

మధ్యాహ్నం ధవళేశ్వరం వెళ్ళాం. ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. దాన్ని కట్టించిన కాటన్ దొర పేరిట ఉన్న మ్యూజియంలో పాత యంత్రాలూ నమూనాలూ చూపించాను, ఆయనకు కుడిభుజంగా నిలిచిన వీణం వీరన్న గురించి చెప్పాను. వరదలూ కరువులూ వంతులవారీగా తిన్న నేల పది లక్షల ఎకరాల మాగాణి ఎలా అయిందో వివరించాను. వాళ్ళకు ఒకటే ఆశ్చర్యం. "మా దేశంలో విగ్రహాలు పీకేస్తున్నారు. మీరు తెల్లదొర విగ్రహానికి దండలేస్తున్నారేమిటి?"

సమాధానం మా బస్సు డ్రైవరు చెప్పాడు. "నీళ్ళిచ్చాడండి. దణ్ణం పెట్టుకుంటాం." ఒక్క క్షణం ఆగి, గేరు మారుస్తూ, "మాకైతే పొలం లేదనుకోండి. నీళ్ళు పొలం ఉన్నోడి గట్టు దాకా వొత్తాయి, మా గుమ్మం దాకా రావు. అయినా కూలి దొరికింది గదండీ," అన్నాడు.

నూట డెబ్భై ఏళ్ళ డెల్టా చరిత్రను నేను ఒక గంట చెప్పాను. అతను గేరు మార్చేంత సేపట్లో అందులోని మిగతా సగం చెప్పాడు.

*

రెండో రోజు గోకవరం వైపు వెళ్ళాం. దేవీపట్నం ఎగువన, పాపికొండల్లో గోదావరి ఒడ్డున ఉండే కొండరెడ్ల ఊరొకటి పోలవరం నీటి కింద మునిగితే, అక్కడి వాళ్ళను తెచ్చి పెట్టిన పునరావాస కాలనీ అది. ఒకే కొలత ఇళ్ళు, ఒకే రంగు గోడలు, గీత గీసినట్టు వీధులు. పోలవరం మొత్తం మీద కదలాల్సిన కుటుంబాలు లక్ష పైచిలుకు. ఇక్కడ మనుషుల జాతకాలు రెండు అంకెల్లో ఉన్నాయి. 41.15 మీటర్ల కాంటూరు లోపలి ఊళ్ళు మొదటి విడత, 45.72 లోపలివి తర్వాత. బడి మొహం చూడని ముసలాళ్ళు కూడా ఆ అంకెల్ని దశాంశాలతో సహా చెబుతారు.

వేపచెట్టు కింద నులకమంచం మీద కూర్చున్న పెద్దాయన్ను ఒక కుర్రాడు అడిగాడు: ఇక్కడ మీకు ఏం లేదు?

పెద్దాయన ఆలోచించి, "జీలుగు చెట్టు లేదు," అన్నాడు.

నేను అనువదించడానికి తడబడ్డాను. జీలుగు కల్లు కొండరెడ్లకు మత్తు మాత్రమే కాదు. తిండి దొరకని నెలల్లో ఆకలి తీర్చేదీ, నలుగురు కూర్చున్నప్పుడు మాట కలిపేదీ అదే. ఏ కుటుంబానికి ఏ చెట్టో తాతలనాటి లెక్క ఉంటుంది. చెట్టుకు పరిహారం లెక్కకట్టవచ్చు, దాని కింద సాయంత్రాలకు కట్టలేం. ఇవన్నీ చెప్పబోయి, "తాటిచెట్టు లాంటిది" అని ముగించాను. పెద్దాయన నా మొహం చూసి, సరిగ్గా చెప్పలేదని కనిపెట్టినట్టు చిన్నగా నవ్వాడు.

క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త 1940ల మొదట్లో ఈ కొండల్లో తిరిగి, కొండరెడ్ల మీద పెద్ద పుస్తకం రాశాడు. అది 1945లో వచ్చింది. వాళ్ళ పోడు, వాళ్ళ వెదురు పని, వాళ్ళ వావివరసలు అన్నీ అందులోకి ఎక్కాయి. ఆయన చూసిన ఒడ్డు ఇప్పుడు నీటిలోకి పోతోంది. ఆ పుస్తకం సంగతి చెబితే పెద్దాయన తలూపాడు. "మా తాతల్ని గురించి రాశారా? మాకు చూపించలేదే."

ఆ పూట జరిగింది ఇంకొకటి చెప్పాలి. ఒకావిడ తన ఇల్లు నీళ్ళలో మునుగుతుంటే పడవ మీద నుంచి చూసిన సంగతి చెబుతోంది. ముందు గడప, తర్వాత గూడు, ఆఖరున దూలం. ఆమె గొంతు మామూలుగానే ఉంది. వింటున్న విద్యార్థుల్లో ఒకమ్మాయి భోరున ఏడ్చేసింది. వెంటనే ఆవిడ కథ ఆపి, లోపలికెళ్ళి నీళ్ళు తెచ్చి, ఆ పిల్ల వీపు నిమురుతూ, "ఏడవకమ్మా, పోయిందేదో పోయింది," అని ఓదార్చడం మొదలుపెట్టింది. ఆ తర్వాత కథ ముందుకు సాగలేదు. ఆ రాత్రి విద్యార్థులే దాని గురించి చర్చించుకున్నారు. మన కన్నీళ్ళు కూడా వాళ్ళకు ఇంకో చాకిరీ అయ్యాయి అని, ఏడ్చిన అమ్మాయే ముందుగా అంది.

బస్సెక్కుతుంటే ఆవిడే నా దగ్గరకొచ్చింది. నిర్వాసితుల జాబితా రాసిన తేదీకి ఆమె కొడుక్కి పద్దెనిమిది నిండలేదు. ఊరు ఖాళీ చేసేనాటికి నిండాయి. పద్దెనిమిది నిండినవాళ్ళకు వేరే కుటుంబం కింద ప్యాకేజీ వస్తుంది కాబట్టి, ఆ కొద్ది నెలల తేడా ఆ ఇంటికి చాలా పెద్దది. "మంచి భాషలో అర్జీ రాసి పెడతావా అమ్మా? నువ్వు మేడమ్మంట గదా."

హారన్ మోగింది. అప్పటికే ఆలస్యమైంది, అమలాపురంలో గదులు తీసుకోవాలి. "మళ్ళీ వస్తాను," అన్నాను.

"అందరూ అదే మాటంటారు," అంది. కోపంగా అనలేదు. ఇవాళ ఎండగా ఉందన్నట్టు అంది.

రాజమండ్రిలో ముప్ఫై ఏళ్ళుగా ఉంటున్నాను. ఆ కాలనీ మా ఇంటికి బస్సులో గంటన్నర. నేను అక్కడ అడుగు పెట్టడం అదే మొదటిసారి. అమెరికా నుంచి పన్నెండుమంది వచ్చి తీసుకెళితే వెళ్ళాను.

*

కోనసీమలో కొబ్బరితోటల మధ్య కొత్త మేడ కనిపిస్తే, అది ఏ దేశం మేడో స్థానికులు చెప్పేస్తారు. కువైట్ మేడ, మస్కట్ మేడ, దుబాయి మేడ. ఉభయగోదావరి జిల్లాల నుంచి ఆడవాళ్ళు ఇంటిపనికి గల్ఫు వెళ్ళడం దశాబ్దాల నాటి మాట. వెనకటికి కోరంగి రేవు నుంచి ఓడలెక్కి రంగూను వెళ్ళిన కూలీలు ఎంతమందంటే, బర్మావాళ్ళు తెలుగువాళ్ళందరినీ కొరంగీలనే పిలిచారు. ఈ నేలకు సముద్రం ఎప్పుడూ గడపే. మగవాళ్ళు దాటిన గడపను ఇప్పుడు ఆడవాళ్ళు దాటుతున్నారు, అంతే తేడా.

మేం కలిసినావిడ కువైట్‌లో పద్నాలుగేళ్ళు పనిచేసింది. 2004లో వెళ్ళింది. కూతురికి అప్పుడు మూడేళ్ళు, అమ్మమ్మ పెంచింది. అరుగు మీద చాపలు పరిచి, అందరికీ కొబ్బరినీళ్ళిచ్చి, "అడగండి," అంది. నేను గొంతు సవరించుకున్నాను. అంతలో ఈజిప్టు మూలాలున్న విద్యార్థిని అరబ్బీలో ఏదో పలకరించింది.

ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. గడగడా అరబ్బీలో జవాబిచ్చింది. ఆ తర్వాత ఇరవై నిమిషాలు వాళ్ళిద్దరే మాట్లాడుకున్నారు. మధ్యలో పకపకా నవ్వుకున్నారు. దుబాసీగా వచ్చిన నేను, నా ఊరి పక్క ఊళ్ళో, నా భాష మాట్లాడే మనిషి ముందు, ఒక్క ముక్క అర్థంకాక కూర్చున్నాను.

"ఏమంటోందమ్మా?" అని నేనే అడగాల్సి వచ్చింది.

"ఈ పిల్ల అరబ్బీ సినిమా అరబ్బీ అండి," అని తెలుగులో నాకు చెప్పింది ఆవిడ. "మా మామా టీవీలో సినిమాల్లో ఇలాగే మాట్లాడతారు. అందుకే నవ్వొచ్చింది." యజమానురాలిని మామా అనీ, యజమానిని బాబా అనీ పిలవాలి అక్కడ.

తర్వాత అన్నీ చెప్పింది. అకామా అనే నివాసపత్రం సంగతేమిటో, దానికి పూచీగా ఉండే కఫీల్ చేతిలో మనిషి ఎలా ఇరుక్కుంటాడో, పాస్‌పోర్టు మొదటి రోజే ఎవరి బీరువాలోకి పోతుందో. మొదటి ఇంట్లో తెల్లవారుజామున నాలుగింటికి లేస్తే రాత్రి ఒంటిగంటకు నడుం వాల్చేది. రెండో ఇల్లు మంచిది. ఆ ఇంటి పిల్లలు ఇప్పటికీ వాట్సాప్‌లో ఫోన్ చేస్తారు. మూడో ఇంట్లో తట్టుకోలేక బయటకొచ్చేసింది. "ఖల్లివల్లి అయిపోయానండి," అంది. ఆ మాటకు ఈజిప్టు పిల్ల తలెత్తింది. అరబ్బీలో దానికి వదిలెయ్, పోనీ అని అర్థం. గల్ఫులో మనవాళ్ళ నోట అది యజమానిని వదిలి కాగితాలు లేకుండా బతికే మనిషికి పేరైంది. 2018 జనవరిలో కువైట్ క్షమాభిక్ష ప్రకటించినప్పుడు ఔట్‌పాసు తీసుకుని ఇల్లు చేరింది.

లా చదివే అమ్మాయి సెల్‌ఫోను తీసింది. ఇంటిపనివాళ్ళ కోసం కువైట్ 2015లోనే చట్టం చేసింది. రోజుకు పన్నెండు గంటలకు మించి పని ఉండకూడదు. వారానికో రోజు సెలవు. పాస్‌పోర్టు యజమాని ఉంచుకోకూడదు. మరుసటేడు కనీస వేతనం 60 దీనార్లు చేశారు. నేను ఒక్కొక్కటీ తెలుగులో చెబుతుంటే ఆవిడ వేళ్ళు మడుస్తూ విని, "మంచి చట్టమేనండి. కానీ వంటింట్లోకి రాలేదు," అంది.

ఆ తర్వాత ప్రశ్నలు ఆమె వేసింది. అమెరికాలో మీ ఇళ్ళలో పనిచేసేవాళ్ళు ఏ దేశం వాళ్ళు? వాళ్ళ కాగితాలు ఎవరి దగ్గరుంటాయి? మీ ఇంట్లో పనిచేసినామె కూతురి పేరు మీకు తెలుసా?

ముగ్గురు నలుగురు తలలు దించుకున్నారు. ఒక కుర్రాడు మాత్రం తన చిన్నప్పుడు చూసుకున్న గ్వాటెమాలా ఆయా గురించి చెప్పాడు. ఆమె పిల్లలు ఎక్కడుండేవారో తనెప్పుడూ అడగలేదన్నాడు. ఆవిడ వాణ్ణి నిష్ఠూరమాడలేదు. "చిన్నోడివి గదా అప్పుడు. ఇప్పుడడుగు," అంది.

సమాజాన్ని అధ్యయనం చేయడానికి విదేశం వెళ్ళడం అంటే విద్యార్థులకు ఒక సెలవు, ఒక నివేదిక. ఈవిడ మరో దేశపు పడకగదులూ, వంటిళ్ళూ, కోపాలూ, ప్రార్థనలూ పద్నాలుగేళ్ళు లోపలి నుంచి చూసింది, భాష నేర్చింది. ఆమెను ఏ విశ్వవిద్యాలయమూ ఏమి నేర్చుకున్నావని ఇంతవరకు అడగలేదు. ఆమె కూతురు ఇప్పుడు నర్సింగు చదువుతోంది. ఎక్కడికి వెళతావని అడిగితే ఆ అమ్మాయి తల్లి వైపు చూసింది. "జర్మనీ," అంది తల్లే ముందు. "అక్కడ పాస్‌పోర్టు మన దగ్గరే ఉంటదంట."

*

పంటు నరసాపురం రేవును తాకింది. రేవు పక్కనే మాధవాయపాలెం. ఇంగ్లీషు కంపెనీ ఇక్కడ గిడ్డంగి పెట్టుకుని నేతబట్ట ఎగుమతి చేసింది. ఊరి పేరు వాళ్ళ నోట మడపోలం అయింది, మెత్తటి నూలుబట్టకు ఐరోపాలో అదే పేరు స్థిరపడింది. ఊరిని ఎవరూ గుర్తుంచుకోలేదు గానీ బట్ట పేరు నిఘంటువుల్లో ఉండిపోయింది.

నేత పోయింది, లేసు వచ్చింది. 1844 ప్రాంతంలో స్కాట్లాండు మిషనరీ దంపతులు మెక్రేలు ఇక్కడి దళిత క్రైస్తవ స్త్రీలకు క్రోషే అల్లిక నేర్పారు. ఒంటి సూది, తెల్ల దారం, అంతే. క్రమంగా అది మిగతా కులాల ఇళ్ళలోకీ, గడప దాటని కాపు స్త్రీల చేతుల్లోకీ వెళ్ళింది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

1970ల చివర్లో మరియా మీస్ అనే జర్మనీ సామాజికశాస్త్రవేత్త నరసాపురం చుట్టుపక్కల ఊళ్ళలో ఈ స్త్రీల మధ్య తిరిగింది. ఆమె పక్కన కె. లలిత, కృష్ణకుమారి అనే తెలుగమ్మాయిలు ఉన్నారు. 1982లో వచ్చిన ఆమె పుస్తకం ప్రపంచంలో స్త్రీల శ్రమ గురించి చదివే ప్రతి తరగతిలోకీ నరసాపురం పేరును తీసుకెళ్ళింది. ఆమె పట్టుకున్న కిటుకు ఒక్కటే. ప్రపంచపు బజారుకు సరుకు తయారుచేస్తున్న ఈ ఆడవాళ్ళను వర్తకులు పనివాళ్ళని అనలేదు. ఇల్లాళ్ళు, తీరిక వేళల్లో అల్లుకుంటారు అన్నారు. ఆ ఒక్క మాటతో కూలి రేటు, పనిగంటలు, సంఘం పెట్టుకునే హక్కు అన్నీ మాయమయ్యాయి. ఈ పద్ధతికి ఆమె ఒక పేరు కూడా పెట్టింది. మన మాటల్లో ఇల్లాలిని చేయడం అనుకోవచ్చు. మా పన్నెండుమందిలో ఇద్దరు ఆ పుస్తకం పాఠంగా చదువుకున్నవాళ్ళే. ఇక్కడికి రావడానికి అసలు కారణం అదే.

మేం వెళ్ళిన వీధిలో ఆరుగురు ఆడవాళ్ళు అరుగు మీద అల్లుతున్నారు. పువ్వులు అల్లేది చేతిపని, వాటిని కలిపి గుడ్డగా చేసేది అతుకుపని. అతుకుపని చేసే పెద్దావిడ వేళ్ళు చూపు అవసరం లేకుండా కదులుతున్నాయి. ఆమె వయసు చూసి, ఆ జర్మనీ ఆవిడ వచ్చిన సంగతి గుర్తుందా అని అడిగాను. లేదంది. వాళ్ళమ్మ అల్లేదట. "తెల్లావిడ ఒకామె వొచ్చి దారం లెక్క అడిగిందని మా అమ్మ అనేది. ఎవరో ఏమో."

నలభై ఏళ్ళ పైగా ప్రపంచమంతా చదివిన పుస్తకానికి ఆ వీధిలో మిగిలిన జ్ఞాపకం అంత. ఒక విద్యార్థిని తన ట్యాబులో ఆ పుస్తకం అట్ట చూపిస్తే అందరూ వంగి చూశారు. పెద్దావిడ అల్లిక పక్కన పెట్టి అట్ట మీది బొమ్మ మీద వేలు ఉంచింది. "దీన్ని తెలుగులో చదివి చెప్పేవాళ్ళెవరన్నా ఉన్నారా?" అని అడిగింది. నేను దుబాసీని కాబట్టి అందరూ నా వైపు చూశారు.

ఆ తర్వాత లెక్కలు వచ్చాయి. ఒక కండె దారం అల్లడానికి ఎన్ని గంటలు, దానికి ఎంత వస్తుంది. విద్యార్థులు గుణించి, భాగించి, గంట కూలి తేల్చారు. తేలిన అంకెను ఎవరూ పైకి చదవలేదు. అప్పుడు ఆ ఆరుగురిలో చిన్నామె, "మీరు చదువుకుంటా పనిచేస్తారంటగా. మీ గంటకెంత?" అంది. కాఫీ కొట్లో పనిచేసే కుర్రాడు డాలర్లలో చెప్పాడు. తణుకు తాతగారి మనవడు దాన్ని రూపాయల్లోకి మార్చి, తనకొచ్చిన తెలుగులో, నా సాయం లేకుండా, చెప్పాడు. ఆమె సూదిని జడలో గుచ్చుకుని, ఆ రూపాయల్ని దారంలోకి మార్చి చూసుకుంది. "నీ గంట నాకు నాలుగు రోజులు," అంది. ఆ లెక్కలో ఏడుపు లేదు, ఎగతాళి లేదు. కానీ ఆ కుర్రాడు ఆ రోజంతా మాట్లాడలేదు.

*

మర్నాడు భీమవరం. చెరువుల గట్టు మీద ఏరేటర్లు నీళ్ళు చిమ్ముతున్నాయి. ఇక్కడి రొయ్యకు అన్నిటికన్నా పెద్ద బజారు అమెరికాయే. 2025 ఆగస్టు చివర్లో అక్కడి ప్రభుత్వం మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి తీసుకెళ్ళినప్పుడు, ఈ గట్ల మీద కౌంటు ధర మాట తప్ప ఇంకో మాట లేదు. రైతు ఒకాయన పిల్లల్ని కాఫీ తాగమని మరీ కూర్చోబెట్టి నెమ్మదిగా అడిగాడు. "మీ ఊరి కొట్లో రొయ్య ధర ఎంతుంది బాబూ? పన్ను మీరు కడుతున్నారా, మేం కడుతున్నామా?" ఎవరికీ తెలియదు. ఫోన్లలో వెతికారు. ఆ గట్టు మీదే తలలొలిచే షెడ్డుకు వెళ్ళే ఆడవాళ్ళు టిఫిను క్యారేజీలతో పోతున్నారు. తుందుర్రు వైపు నుంచి వచ్చిన మా డ్రైవరు, రొయ్యల ఫ్యాక్టరీ వద్దని అక్కడి ఊళ్ళవాళ్ళు ఏళ్ళ తరబడి ఎందుకు కొట్లాడారో, గొంతేరు కాలవ మీద వాళ్ళ భయమేమిటో చెప్పాడు. రైతు కష్టం, కూలీ కష్టం, కాలవ కష్టం మూడూ ఒకే గట్టు మీద ఎదురుబొదురుగా నిలబడి ఉన్నాయి. ఎవరికి సంఘీభావం తెలపాలో చెప్పండి అని ఒక కుర్రాడు నన్నడిగాడు. నా దగ్గర జవాబు లేదు. లేదనే చెప్పాను.

ఆ రాత్రి ఆఖరి సమావేశం. ఏం నేర్చుకున్నారో చెప్పమనడం వాళ్ళ ఆనవాయితీ. నేను అడ్డుపడి, ఆరు రోజుల్లో మీరు అడిగినవి కాదు, మిమ్మల్ని ఎదుటివాళ్ళు ఏమడిగారో రాయండి అన్నాను. కాగితం నిండింది. మీ ఆయా కూతురి పేరేమిటి? మీ గంటకెంత? పన్ను ఎవరు కడుతున్నారు? మా తాతల పుస్తకం మాకెందుకు చూపించలేదు? చివరగా లా చదివే అమ్మాయి తన చిన్న పుస్తకం తెరిచి పంటు మీది ప్రశ్న చదివింది. ఒకరు కట్టకపోతే తక్కినవాళ్ళు కట్టాలా?

"మనం నవ్వాం గానీ," అంది, "ఆవిడే సరిగ్గా చెప్పింది. సంఘీభావానికి ఇంగ్లీషులో వాడే సాలిడారిటీ అనే మాట ఫ్రెంచి నుంచి వచ్చింది. దాని వేరు రోమనుల అప్పుల చట్టంలో ఉంది. కొందరు కలిసి అప్పు చేస్తే, ప్రతి ఒక్కరూ మొత్తం బాకీకి పూచీ. ఎవరి వాటా వాళ్ళు కట్టి తప్పుకోవడం కుదరదు. మొదట్లో ఆ మాటకు అర్థం సానుభూతి కాదు, పూచీ."

మన డ్వాక్రా సంఘాలు నడిచేది సరిగ్గా ఆ పూచీ మీదే. పొలం, బంగారం ఏమీ తాకట్టు పెట్టలేని పదిమంది ఆడవాళ్ళు ఒకరికొకరు తాకట్టు. ఒకామె వాయిదా తప్పితే ఆ నెల మిగతా తొమ్మిదిమంది సర్దాలి. సర్దేటప్పుడు తిట్టుకుంటారు కూడా. భావం ఉందా లేదా అని ఎవరూ అడగరు, పుస్తకంలో సంతకం ఉందా లేదా అని చూస్తారు. మునక్కాడలావిడ మమ్మల్ని అడిగింది అదే. ఏ పుస్తకంలో సంతకం పెట్టారు?

భోగికి ముందురోజు వాళ్ళను మధురపూడిలో విమానం ఎక్కించాను. అందరూ కౌగిలించుకుని, మళ్ళీ వస్తాం అన్నారు. ఎవరో ఒకరు నిజంగానే రావచ్చు. నేను మాత్రం ఆ మాట ఎక్కడో విన్నట్టుందే అనుకుంటూ ఇంటికొచ్చాను.

*

ఫిబ్రవరిలో మా కాలేజీ పిల్లల్ని అడిగాను. అరవైమంది తరగతిలో సగానికి పైగా విదేశీ చదువుల కోచింగుల్లో ఉన్నారు. ఏ రాష్ట్రంలో ఏ విశ్వవిద్యాలయం ఫీజెంతో నోటికి చెబుతారు. ఆదివారం గోకవరం దాకా వస్తారా అంటే ఆరుగురు చేతులెత్తారు. ఆర్టీసీ బస్సులో వెళ్ళాం. కోటిలింగాల రేవు నుంచి రోజూ గోదారిని చూసే పిల్లలు, ఆ నీటికి ఎగువన ఊళ్ళున్నాయని దారిలో అడిగి తెలుసుకున్నారు.

వేపచెట్టు కింద పెద్దాయన అలాగే ఉన్నాడు. కొత్త మొహాలు చూసి, "ఈసారి ఏ దేశం నుంచమ్మా?" అన్నాడు.

"రాజమండ్రి నుంచి."

"అబ్బో," అన్నాడు నిజంగానే ఆశ్చర్యపోయి. "చాలా దూరం నుంచి వచ్చారు."

అర్జీ అడిగినావిడ నన్ను చూసి ముందు గుర్తుపట్టనట్టే ఉంది. తర్వాత లోపలికెళ్ళి ప్లాస్టిక్ సంచిలో భద్రంగా దాచిన కాగితాలు తెచ్చింది. కొడుకు పదో తరగతి సర్టిఫికెట్టు, రేషన్‌కార్డు, పాత ఊరి ఇంటి పన్ను రసీదు. మా అమ్మాయిల్లో ఒకతె తేదీలు సరిచూసింది, ఇంకొకతె జిరాక్సుల కోసం వీధి చివరకు పరుగెత్తింది. నేను అర్జీ రాశాను. ఊరి పేరు దగ్గర ఆగి, ఏం రాయమంటావన్నాను. "మునిగిపోయిన పేరే రాయి. కాయితంలోనన్నా తేలుద్ది," అంది.

రాయడం అయ్యాక చదివి వినిపించాను. ఆవిడ వేలిముద్ర వేసి, కాగితం కింద ఖాళీగా ఉన్న చోటు చూపించి, ఇక్కడేం లేదేమని అడిగింది. పూర్వం దస్తావేజుల్లో రాసినవాళ్ళు దస్తూరి అని తమ పేరు రాసేవారు, ఇప్పుడు అర్జీలకు అక్కర్లేదని చెప్పాను.

"అక్కర్లేకపోయినా రాయి," అంది.

దస్తూరి అని రాసి, కింద నా పేరు, చిరునామా రాశాను. ఆవిడ చదువుకోలేదు గానీ అక్షరాలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిశాయో వేలితో తడిమి చూసింది. "నీ పేరు కూడా పడింది గదా," అంటూ కాగితం మడిచింది. "ఇంక ఆఫీసు చుట్టూ నువ్వూ తిరగాలి మరి."